నాజర్ గొంతూ, వంతల ప్రశ్నా

యౌవనారంభంలో మనసుకు పట్టిన పాట మనిషిని జీవితాంతం వదలదు. అది మంచిదే. ఐతే, ఆ పాట పాడినవాణ్ణి గురించి విమర్శ రాయవలసి వచ్చినప్పుడు అభిమానమే అడ్డు తగులుతుంది. బుర్రకథకుడు షేక్ నాజర్ విషయంలో మనకు జరుగుతున్నది ఇదే. ఆయన పేరెత్తగానే చేతులు జోడిస్తున్నాము గాని, ఆయన చేసిన పనిని విడమరచి చూడడం లేదు. నేను ఆయన్ను వేదికమీద చూసినవాణ్ణి కాను. ఇంటర్మీడియెట్ చదివే రోజుల్లో క్యాసెట్టులో విన్నవాణ్ణి. దాదాపు ఇరవై ఏళ్లుగా ఆ అభిమానం తగ్గలేదు. కనుకనే ఈ ప్రశ్న వేయాలనిపిస్తున్నది: మనం అభిమానిస్తున్నది దేనిని?

ఆయన కంఠాన్ని అని చాలామంది జవాబు చెబుతారు. జానపద సంపదను కాపాడినందుకు అని మరికొందరంటారు. రెండూ సగం నిజాలే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో దూదేకుల కుటుంబంలో పుట్టి, 1997లో కన్నుమూసిన నాజర్, తాతలనాటి కళకు కాపలాదారు కాడు. శైవ జంగాలు ఊరూరా తిరిగి, తంబురా మీటుతూ చెప్పిన జంగం కథ భిక్షతో బతికిన వృత్తికళ. 1940లలో ప్రజా ఉద్యమం దానిని బహిరంగసభ వేదికమీదికి తెచ్చింది. ప్రజానాట్యమండలి కళాకారులు దానికి కొత్త వస్తువునిచ్చారు. మోటూరి ఉదయం వంటి స్త్రీలు దళం కట్టి కథ చెప్పారు. అటు నిజాం ప్రభుత్వమూ, ఇటు మద్రాసు ప్రభుత్వమూ దానిని నిషేధించేటంత భయం పుట్టింది. కాపాడిన కళను ఎవరూ నిషేధించరు. మారిన కళనే నిషేధిస్తారు.

మారినదేమిటి? మధ్యన కథకుడు, భుజాన తంబురా, వేళ్లకు అందెలు. అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. హాస్యం చెప్పేవాడు తెలియనివాడిలా అడ్డుపడి, జనం అడగదలచినదాన్నే అడుగుతాడు. రాజకీయం చెప్పేవాడు కథను ఆపి, నాటి మాటను నేటి బతుకుతో ముడివేస్తాడు. పురాణం చెప్పేచోట శ్రోత వినాలి, తలూపాలి. బుర్రకథలో శ్రోతకు వేదికమీదనే ప్రతినిధి వున్నాడు. కథకుడెంత గొప్పవాడైనా అతనికి జవాబు చెప్పక తప్పదు. విమర్శకు రూపంలోనే చోటు కల్పించడం ఈ కళలోని ప్రజాస్వామ్యం.

నాజర్ చెప్పిన బెంగాల్ కరువు కథను ఈ దృష్టితో చూడాలి. 1943 నాటి ఆ కరువులో ముప్పై లక్షల మంది దాకా చనిపోయారని అంచనా. తిండిగింజలు లేకపోవడంకంటె, వున్నవాటిని కొనే శక్తి పేదలకు లేకపోవడమే ప్రధాన కారణమని అమర్త్యసేన్ 1981లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. పండితుడు లెక్కలతో వేసిన ఆ ప్రశ్నను, గింజలు ఏమైపోయినాయన్న ప్రశ్నను, పల్లెటూరి రచ్చబండ దగ్గర వేయడానికే వంతకు ఆ చోటు వున్నది. కరువు కథ కన్నీరు మాత్రమే పెట్టిస్తే చందా వసూలవుతుంది. ప్రశ్న కూడా వేస్తే జనం లేచి నిలబడతారు.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం నాజర్‌కు అమితమైన కీర్తి తెచ్చిన కథలు. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి చాపకూడు వుంది, మాల కన్నమదాసు సేనానాయకత్వం వుంది. ప్రశ్నకు తావున్న వస్తువు. బొబ్బిలి అలా కాదు. 1757లో ఫ్రెంచి బుస్సీ ఫిరంగులకు ఎదురు నిలిచినవారి తెగువను కాదనలేము. కాని ఆ కోటకు రాళ్లు మోసిన కూలీ, శిస్తు కట్టిన రైతు కథలో ఎక్కడ? వీరరసం ఉప్పొంగే వేళ వంత నోరు మూతపడుతుంది. నాజర్ కంఠం గొప్పదే. ఆ గొప్పతనమే అక్కడ ప్రమాదం. ఆ వరదలో శ్రోత సంస్థానం పరువును తన పరువుగా భావించుకుంటాడు. క్యాసెట్టు తరానికి ఈ ప్రమాదం మరీ హెచ్చు. మనకు గొంతు దక్కింది గాని, ఎదురుగా కూచుని ఈలవేసి, కేకవేసి, కథకుణ్ణి దారిలో పెట్టిన జనం దక్కలేదు.

స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం ఈ కళను చేరదీసింది. కుటుంబనియంత్రణకూ ఇతర ప్రచారాలకూ బుర్రకథ చెప్పించింది. 1986లో నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది. ఆయనకు అది తగిన గౌరవమే. ఐతే ప్రచారకథల్లో వంత ఏమయినాడు? తంబురా అదే, అందెలు అవే, తందాన అదే. అడగవలసిన ప్రశ్న మాత్రం ముందే కాగితంమీద రాసి వుంటుంది, జవాబూ రాసి వుంటుంది. దీనివల్ల తేలేదేమంటే, ఏ కళారూపమూ దానంతటది అభ్యుదయకరం కాదు.

ఈ మాట ప్రభుత్వానికి చెప్పి మనం చేతులు దులుపుకోరాదు. మన సభల్లో మాత్రం రాజకీయం చెప్పే వంత ఏం చేస్తున్నాడు? తీర్మానం చదువుతున్నాడు. ఎదుటిపక్షాన్నే ప్రశ్నిస్తున్నాడు. స్వపక్షానికి వేయవలసిన ప్రశ్న హాస్యం నోట కూడా రావడం లేదు. జనం నోట ప్రశ్న పెట్టని కళ, ఎంత ఎర్రజెండా కింద పాడినా, పాలకుల ప్రచారానికి తోబుట్టువే.

కనుక కళాశాల వార్షికోత్సవాల్లో తలపాగాలు చుట్టించి నాజర్ కథను చిలకపలుకులుగా ఒప్పజెప్పించడం ఆయనకు నివాళి కాదు. కథకుడి భాగం ఆయనదే వుండనివ్వండి. వంతల భాగం విద్యార్థులచేత రాయించండి. ఫీజుల గురించి, కులం గురించి, ఉద్యోగాల గురించి, మన గురించి కూడా వాళ్లను అడగనివ్వండి. ఆ ప్రశ్నల ముందు నిలవగలిగితేనే నాజర్ మనకు సమకాలికుడు. నిలవగలడనే నా నమ్మకం. నా అభిమానానికి ఆధారమూ అదే.