టామ్ పియానో ముందు కూర్చుంటే

ఇంట్లో పిల్లలిద్దరూ అస్తమానం కొట్టుకుంటుంటే ‘వీళ్లు టామ్ అండ్ జెర్రీలే’ అనేస్తాం. ప్రేమలో పడేముందు పోట్లాడుకునే మన సినిమా హీరో హీరోయిన్లకూ అదే పేరు. 1940లో అమెరికాలో పుట్టిన ఓ పిల్లి, ఓ ఎలుక మన వాడుకలోకి ఇంత సులువుగా దిగిపోవడానికి మొదటి కారణం అందరికీ తెలుసు. వాటికి దాదాపు మాటల్లేవు. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చాక, ఇంగ్లీషు ముక్క రాని నాయనమ్మలు కూడా మనవల పక్కన కూర్చుని నవ్వారు. కానీ మాటల్లేని కార్టూన్లు బోలెడు వచ్చాయి, పోయాయి. ఇది నిలబడింది పనితనం వల్ల. ఆ పనితనమంతా లయలో ఉంది.

1947లో వచ్చిన ‘ద క్యాట్ కన్సర్టో’నే తీసుకోండి. నిడివి ఎనిమిది నిమిషాలు కూడా లేదు. టామ్ కోటు వేసుకుని, మహా విద్వాంసుడి ఠీవితో వేదిక మీదికొచ్చి, పియానో ముందు కూర్చుని సంగీతకర్త లిస్ట్ రాసిన రెండో హంగేరియన్ రాప్సొడీ మొదలెడతాడు. జెర్రీ పియానో లోపల, తీగెలను కొట్టే సుత్తుల మీద పడుకుని ఉంటాడు. టామ్ ఒక్కో మెట్టు నొక్కినప్పుడల్లా కింద నుంచి ఒక్కో సుత్తి లేచి జెర్రీని ఎగరేస్తుంది. నిద్ర చెడిన ఎలుకకు ఒళ్లు మండుతుంది. కథంతా ఇంతే.

ఇప్పుడు టామ్ వేళ్లు చూడండి. స్వరం పైకి వెళ్తే చెయ్యి అటు జరుగుతుంది, కిందికొస్తే ఇటు. ఏదో గీసేశాం, ఎవరు చూస్తార్లే అనుకోలేదు. కెన్నెత్ మ్యూజ్, ఎడ్ బార్జ్, ఇర్వెన్ స్పెన్స్ లాంటి యానిమేటర్లు పియానో వాయించే చెయ్యి ఎలా ఒదుగుతుందో తెలుసుకునే గీశారు. కాసేపటికి జెర్రీ కొన్ని మెట్లు తీసేసి అక్కడ ఎలుకల బోను పెడతాడు. టామ్ వేలు బోనుకి అటూ ఇటూ పడుతూ, తప్పించుకుంటూ పోతుంది. మన ఊపిరి ఆగుతుంది. అందరూ ఊహించినట్టే ‘టప్’మంటుంది. కానీ ఆ చప్పుడు కూడా పాట లయలోనే పడుతుంది! దెబ్బ తగులుతుందని మనకు ముందే తెలుసు, ఎప్పుడన్నదే తెలీదు. నవ్వంతా ఆ ‘ఎప్పుడు’లోనే ఉంది. ఇంత జరుగుతున్నా టామ్ ముఖంలో విద్వాంసుడి హుందాతనం చెక్కుచెదరదు. నాకు అన్నిటికన్నా నచ్చేది అదే. కచేరీ మధ్యలో ఆపితే పరువు పోదూ!

ఈ లయ లెక్క వెనక ఉన్నది ఇద్దరు మనుషులు. జోసెఫ్ బార్బెరా బ్యాంకు గుమస్తాగా ఉంటూ పత్రికలకు కార్టూన్లు అమ్ముకున్నవాడు. కథ అల్లడం, బొమ్మల్లో ఆ కథ చెప్పడం అతని వంతు. విలియం హన్నాది సంగీతం చెవి. సెకనుకు 24 ఫ్రేములు. వాటిలో తల తిప్పడానికి ఎన్ని, కళ్లు పెద్దవి చేయడానికి ఎన్ని, పడేముందు గాలిలో నిలబడటానికి ఎన్ని అని కొలిచి రాసిపెట్టేది అతనే. టామ్ తోక నలిగినప్పుడు వినిపించే ఆ వెర్రికేక కూడా హన్నా గొంతే. ఆ లెక్క కాగితాల మీద స్కాట్ బ్రాడ్లీ సంగీతం కట్టేవాడు. ఆషామాషీగా కాదు. 1944 నాటి ‘పుట్టిన్ ఆన్ ద డాగ్’లో సంగీతకర్త షోన్‌బెర్గ్ పన్నెండు స్వరాల పద్ధతిని కూడా వాడాడు. కచేరీల్లో పెద్దలే తలలు పట్టుకున్న సంగీతాన్ని, పిల్లలు తెలీకుండానే విని నవ్వేశారు.

మొదటి చిత్రం ‘పుస్ గెట్స్ ద బూట్’లో పిల్లి పేరు జాస్పర్. తర్వాత స్టూడియోలో పేర్ల పోటీ పెడితే, జాన్ కార్ అనే యానిమేటర్ టామ్, జెర్రీ అని సూచించి 50 డాలర్లు గెలుచుకున్నాడు. 1958 దాకా ఎం.జి.ఎం. స్టూడియో కోసం హన్నా, బార్బెరా 114 చిత్రాలు తీశారు. వాటిలో ఏడింటికి ఆస్కార్లు వచ్చాయి. ఆ బొమ్మలు అందుకున్నది మాత్రం నిర్మాత ఫ్రెడ్ క్వింబీ. నిర్మాతలు ఎక్కడైనా నిర్మాతలే.

మచ్చ లేదని కాదు. ఇంటి పనిచేసే నల్లజాతి మహిళను చూపిన తీరు, బాంబు పేలగానే ముఖం నల్లబడి నల్లవాళ్లను వెక్కిరించేలా మారే హాస్యం విమర్శలకు గురయ్యాయి. టీవీ వాళ్లు తర్వాత వాటిని కత్తిరించారు, కొన్నిచోట్ల మార్చారు. గీత ఎంత గొప్పదైనా ఆ వెక్కిరింతను వెనకేసుకురాలేం. హింస గురించిన గొడవ నన్నంతగా పట్టదు. అట్లకాడలా చదునైపోయిన పిల్లి మరుక్షణం మామూలుగా లేచి నిలబడుతుందని మూడేళ్ల పిల్లకూ తెలుసు.

లయ ఎంత ముఖ్యమో అది పోయాకే తెలిసింది. 1961, 62ల్లో దర్శకుడు జీన్ డైచ్ ప్రాగ్‌లో 13 చిత్రాలు తీశాడు. అదే పిల్లి, అదే ఎలుక, అవే తన్నులు. కానీ చప్పుళ్లు బావిలోంచి వచ్చినట్టుంటాయి, దెబ్బ ఒక అర క్షణం ముందో వెనకో పడుతుంది. నవ్వు రాదు, జాలేస్తుంది. ఆ తర్వాత చక్ జోన్స్ తీసిన 34లో బొమ్మ ముచ్చటగా ఉంటుంది, జెర్రీ కళ్లు మరీ ముద్దొస్తాయి. కసి మాత్రం తగ్గింది.

అందుకే, ఈసారి పిల్లలకు టామ్ అండ్ జెర్రీ పెట్టేముందు మొదట్లో పడే పేర్లు చదవండి. హన్నా, బార్బెరా, స్కాట్ బ్రాడ్లీ ముగ్గురూ కనిపిస్తే మీరూ పక్కన కూర్చోండి. ఒక్క రెండు నిమిషాలు శబ్దం కట్టేసి చూసి, మళ్లీ పెట్టండి. బ్రాడ్లీకి ఒక్క ఆస్కార్ కూడా ఎందుకు రాలేదా అని మీకే కోపమొస్తుంది.