కొయ్య లేని తెరచాప

ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో జార్జ్ పోకాక్ అనే బడిపంతులు ఉండేవాడు. 1826లో ఆయన ఒక వింత బండికి పేటెంటు తీసుకున్నాడు. దానికి గుర్రాలుండవు. పైన ఎగిరే గాలిపటాలు లాగుతుంటే అది రోడ్డు మీద పరుగెడుతుంది. ఆ రోజుల్లో రహదారి సుంకాన్ని బండికి కట్టిన పశువుల లెక్కన వసూలు చేసేవాళ్లు కాబట్టి, పంతులుగారి బండి పైసా కట్టకుండా సాగిపోయేది. క్రికెట్ అభిమానులకు ఇంకో ముక్క: క్రికెట్ దిగ్గజం డబ్ల్యు.జి. గ్రేస్ తల్లి మార్తా ఈయన కూతురే. గాలిపటం కింద కట్టిన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టి ఆకాశంలోకి పంపిన ఘనుడాయన.

పోకాక్ దృష్టి బండి దగ్గరే ఆగలేదు. పడవలనూ ఓడలనూ ఇలాగే లాగించవచ్చని 1827లో పుస్తకం రాశాడు. ఆయన అసలు ప్రతిభ నాలుగు దారాల్లో ఉంది. సంక్రాంతికి హైదరాబాద్ మిద్దెల మీద ఎగిరే పతంగికి ఒకటే దారం. ఢీల్ వదిలితే గిరగిరా తిరుగుతుంది, లాగితే ముక్కు ఎటుంటే అటు దూసుకుపోతుంది. దారాలు తెంపుకునే పేచీకి అది చాలు గానీ, మనిషిని మోసుకుపోవడానికి చాలదు. ఎడమకూ కుడికీ తిప్పాలి, గాలికి ఎంత వాలుగా నిలబడాలో మార్చాలి, అవసరమైతే లాగుడు తగ్గించాలి. ఈ పనులన్నీ కింద నుంచే చేయడానికి పోకాక్ నాలుగు దారాలు వాడాడు. గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీటిపై జారే నేటి కైట్ సర్ఫింగ్ ఆట పటాల్లోనూ ఎక్కువ భాగం నాలుగు దారాలవే. చేతిలోని కడ్డీని దగ్గరకు లాక్కుంటే పటం గాలిని గట్టిగా పడుతుంది, వదిలితే సడలుతుంది.

1903 నవంబరులో శామ్యూల్ కోడీ ఈ విద్యను సముద్రం మీద రుజువు చేశాడు. అమెరికాలో పుట్టి, బ్రిటన్‌లో కౌబాయ్ ప్రదర్శనలిచ్చి బతికిన మనిషి అతను. చిన్న మడత పడవకు గాలిపటం కట్టి, ఫ్రాన్సులోని కలే నుంచి ఇంగ్లండులోని డోవర్‌కు దాదాపు 13 గంటల్లో చేరాడు.

ఇంతకీ తెరచాప ఉండగా గాలిపటం ఎందుకు? తెరచాప కొయ్యకు బిగించి ఉంటుంది. గాలి దాన్ని ఎత్తున నెడుతుంది కాబట్టి పడవ పక్కకు ఒరుగుతుంది. ఆ ఒరుగును ఆపడానికి అడుగున బరువు వేయాలి, లేదా మనుషులే ఎదుటి అంచుకు వెళ్లి వేలాడాలి. గాలిపటం తాడును పడవ డెక్కు దగ్గరే కట్టవచ్చు. లాగుడు కింద నుంచే అందుతుంది కాబట్టి ఒరుగు బాగా తగ్గుతుంది. పైగా నీటికి దగ్గరగా గాలి మందగిస్తుంది. వంద, రెండు వందల మీటర్ల ఎత్తున మాత్రం సాధారణంగా బలంగా, నిలకడగా వీస్తుంది. అంత ఎత్తు కొయ్య ఎవరూ నిలబెట్టలేరు. పటం అక్కడికి తాడుతో చేరుతుంది.

అసలు కిటుకు మాత్రం ఎత్తులో కాదు, కదలికలో ఉంది. నిలబడ్డ పటానికి వీచే గాలి ఒక్కటే తగులుతుంది. దాన్ని గాలికి అడ్డంగా పరుగెత్తిస్తే తన పరుగు వల్ల పుట్టే గాలి కూడా తోడవుతుంది. గాలి వేగం రెట్టింపైతే లాగుడు నాలుగు రెట్లవుతుంది. అందుకే గాలి తక్కువగా ఉన్నప్పుడు పటాన్ని ఆకాశంలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూనే ఉంటారు. గుండ్రంగానే తిప్పితే దారాలు మెలిపడతాయి. ఎనిమిదిలో ఒక సున్నా వేసిన మెలిని రెండో సున్నా విప్పేస్తుంది. కాస్త సేద తీరాలంటే పటాన్ని నడినెత్తికి తెచ్చి నిలుపుతారు. అక్కడ లాగుడు తక్కువ.

పడవ వైపు కూడా పని ఉంది. అడుగున నీళ్లను అడ్డుకునే పలక లేకపోతే పడవ గాలివాలున కొట్టుకుపోతుంది. తాడు మరీ ముందు కడితే ముక్కు గాలివాలుకు తిరుగుతుంది, మరీ వెనక కడితే గాలికి ఎదురు తిరుగుతుంది. కట్టాల్సిన సరైన చోటు దొరికితే చుక్కాని తేలికవుతుంది. అయినా సూటిగా ఎదురుగాలిలోకి పటం లాగలేదు. ఆ పరిమితి తెరచాపకూ ఉన్నదే.

పెద్ద చిక్కు, గాలి పడిపోయినప్పుడు. పటం నీళ్లలో పడి తడిస్తే మళ్లీ లేవదు. ఫ్రాన్సులోని బ్రిటనీకి చెందిన బ్రూనో, డొమినిక్ లెగెన్యూ సోదరులు 1984లో దీనికి విరుగుడు కనిపెట్టారు. పటం ముందంచున గాలి నింపిన గొట్టం పెట్టారు. పడ్డా తేలుతుంది, దారాలు లాగితే నీటి మీంచే లేస్తుంది. కైట్ సర్ఫింగ్ ఆ గొట్టం మీదే ఎదిగింది. 2008లో నమీబియాలోని లూడెరిట్జ్ తీరాన సెబాస్టియన్ కతెలాన్ పటం సాయంతో 50 నాట్లు, అంటే గంటకు 92 కిలోమీటర్లకు పైగా, దాటాడు. గాలి బలంతో నీటి మీద ఆ వేగాన్ని మొదట అందుకున్నది అతనే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కైట్ సర్ఫింగ్ పతకాల పోటీ అయింది.

సరుకు ఓడల కథ అంత సాఫీగా లేదు. జర్మనీకి చెందిన స్కైసెయిల్స్ 160 చదరపు మీటర్ల పటాన్ని 132 మీటర్ల ఓడకు కట్టి, 2008లో బ్రెమర్‌హావెన్ నుంచి వెనెజువెలాకు పంపింది. పటం కింద వేలాడే పెట్టెలోని యంత్రమే దాన్ని నడిపింది. గాలిని బట్టి సగటున 10 నుంచి 35 శాతం ఇంధనం మిగులుతుందని సంస్థ లెక్క చెప్పింది. అయినా ఓడలు వరస కట్టలేదు. ఓడ యజమాని సంస్థ 2011లో దివాలా తీసింది. స్కైసెయిల్స్ తర్వాత పటాలతో కరెంటు తీసే పని మీదికి మళ్లింది.

లాగించడం పోకాక్ కాలంలోనే తేలిపోయింది. తేలనిది ఎగరేయడం, దించడం. తుఫాను ముసురుతుంటే వందల చదరపు మీటర్ల గుడ్డను కొద్దిమంది నావికులు భద్రంగా కిందికి తెచ్చి మడవగలగాలి. చిన్న పడవకు కొయ్య విరిగినప్పుడో, ఇంజను మొరాయించినప్పుడో ఒడ్డు చేర్చే సాధనంగా పటం ఇప్పటికే పనికొస్తుంది. సంచిలో పట్టే తెరచాప అది. పెద్ద ఓడల విషయంలో మాత్రం ఎంత బలంగా లాగుతుందన్న లెక్క కన్నా, ఎంత సులువుగా దిగుతుందన్న లెక్కే దాని విలువను తేలుస్తుంది.