పొగలో చెయ్యి తిరిగినవాళ్లు

ఫైర్‌మన్ కావాలంటే ఏం చెయ్యాలని అడిగే కుర్రాళ్లకు జవాబు నిజానికి చాలా చిన్నది. తెలంగాణలో అయితే పోలీసు నియామక మండలి నోటిఫికేషన్ ఇస్తుంది. ఇంటర్ పాసై ఉండాలి. ప్రిలిమ్స్ రాయాలి, 1600 మీటర్లు పరిగెత్తాలి, లాంగ్‌జంప్, షాట్‌పుట్ గట్టెక్కాలి, మళ్లీ ఫైనల్ పరీక్ష రాయాలి. నెగ్గితే వట్టినాగులపల్లిలో శిక్షణ. ఆఫీసరు చదువులకైతే నాగపూర్‌లో నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది, 1956 నాటిది. కోచింగ్ సెంటర్లు చెప్పేది ఇంతవరకే. అసలు విద్య ఆ తర్వాత మొదలవుతుంది.

గొట్టం సంగతే తీసుకోండి. 63 మిల్లీమీటర్ల డెలివరీ హోస్, ఒక్కో ముక్క 15 మీటర్లు. ఖాళీగా ఉన్నప్పుడు చంకన పెట్టుకుని పరిగెత్తొచ్చు. నిండిందంటే లోపలి నీళ్ల బరువే దాదాపు 47 కిలోలు! అందుకే ఆరితేరినవాడు నీళ్లు వదలమని కేకేసే ముందే మెట్ల మలుపులన్నీ దాటించి, మెలిక పడకుండా పరిచి, గుమ్మం దగ్గర నాలుగు చుట్లు వదులుగా ఉంచుకుంటాడు. కొత్తవాడు ముందే నీళ్లు పిలిచి, ఆ బరువుతో మెట్ల మీద కుస్తీ పడతాడు. గొట్టం కొసనుండే బ్రాంచ్ (నాజిల్) పట్టినవాణ్ణి నీటి ఒత్తిడి వెనక్కి తోస్తుంది. అతని వెనక భుజం ఆనించి నిలబడేవాడి పేరు ఏ పేపర్లోనూ రాదు గానీ, వాడు జారితే ఇద్దరూ పడతారు. మంట మీద నీళ్లు ఎవరైనా కొడతారు, మంట మొదలు మీద కొట్టేవాడే ఫైర్‌మన్. మూసిన గదిలో లెక్క తప్పి ఎక్కువ కొట్టామా, నీరు ఆవిరై 1700 రెట్లు ఉబ్బుతుంది, కొట్టినవాణ్ణే ఉడికిస్తుంది.

ఇక పొగ. ఈ విద్యలో నన్ను నోరెళ్లబెట్టేలా చేసేది అదే. తలుపు కింది సందులోంచి పొగ బయటికి వచ్చి, మళ్లీ లోపలికి పీల్చుకుంటున్నట్టు ఆడుతుంటే, లోపల మంట గాలి కోసం కాచుకుని ఉందని అర్థం. ఆ తలుపు భళ్లున తెరిస్తే గది మొత్తం పేలినట్టు ఎగిసి మీద పడుతుంది. తెలిసినవాడు తలుపును చేతి వెనకభాగంతో తాకి వేడి చూస్తాడు, పక్కకు వంగి కూర్చుంటాడు, వేళ్లు దూరేంత సందు తెరుస్తాడు. లోపల కళ్లు పనిచెయ్యవు. గోడను వదలకుండా, అదీ చేతి వెనకవైపుతోనే తడుముతూ వెళ్లాలి. అరచేత్తో తాకితే, కరెంటు తీగ తగిలినప్పుడు వేళ్లు దాన్నే బిగించి పట్టుకుంటాయి. బరువంతా వెనక కాలి మీద ఉంచి, ముందు కాలిని నేల మీద జారుస్తూ పరీక్షించాలి, అక్కడ నేల ఉందో లేదో! వీపున బీఏ సెట్ (శ్వాస పరికరం) విజిల్ మోగిందంటే గాలి అయిపోవస్తోందని, వెనక్కి తిరగాలని అర్థం. దారి? కాళ్ల కింది గొట్టమే. మనుషుల్ని కిందికి దింపే చెయిర్ నాట్ ముడి చీకట్లో కూడా తప్పకుండా పడాలంటే ఎన్ని వందలసార్లు వేసి ఉండాలో ఊహించుకోండి.

ఈ చేతులు చేసిన పనులు చెప్పుకుంటూ పోతే పత్రిక చాలదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ నౌక పొట్టలో పత్తి బేళ్లూ పేలుడు పదార్థాలూ ఒకేచోట ఉన్నాయి. ఆ నౌక మీద నీళ్లు కొడుతూ నిలబడ్డవాళ్లలో 66 మంది వెనక్కి రాలేదు. 2019లో ఢిల్లీ అనాజ్ మండీ మంటల్లోంచి రాజేశ్ శుక్లా 11 మందిని బయటికి తెచ్చాడు. ఈ చేతులకూ లొంగని మంటలుంటాయి: మన కోనసీమ పాశర్లపూడిలో 1995 జనవరిలో ఎగసిన గ్యాస్ బావి 65 రోజులు మండింది. దాన్ని అణచడానికి అమెరికా నిపుణులు రావాల్సి వచ్చింది.

మరి ఈ విద్యకు మనం ఇస్తున్న విలువేమిటి? వీధికొక ‘ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా’ బోర్డు. అద్దాల ఏసీ గది, ప్రొజెక్టరు, హెల్మెట్ పెట్టుకుని ఒక ఫొటో. గొట్టం ముట్టుకోకుండానే చేతికి సర్టిఫికెట్! అలాంటి ఒకచోట చేరిన మా బంధువుల అబ్బాయికి కోర్సు మొత్తంలో నిచ్చెన ఎక్కించినవాడు లేడు. ఇది చదువు కాదు, ప్రాణాలతో చెలగాటం. అపార్ట్‌మెంట్లలోనూ ఇదే తంతు. ఎర్ర సిలిండర్ గోడకు వేలాడుతుంటుంది, గేజ్‌లో ముల్లు పచ్చగీత వదిలి ఏళ్లవుతుంది. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక పోయాక కూడా, చాలా చోట్ల మెట్లదారిలో అట్టపెట్టెలు అలాగే పేర్చి ఉంటాయి. మన సినిమాల్లో పోలీసు హీరోలకు లెక్కలేదు, ఫైర్‌మన్ హీరో కోసం మాత్రం వెతుక్కోవాలి. ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు చేస్తాం, దండ వేస్తాం, ఉపన్యాసం ఇస్తాం, 21న మరిచిపోతాం. నాకు పక్షపాతం ఉందంటారా? ఉంది, దాచుకోను.

ఫీజు కట్టబోయే తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. ముందు ఆ సంస్థ వెనకపెరట్లోకి వెళ్లి చూడండి. డ్రిల్ టవర్ ఉందా, తడిసిన గొట్టాలు ఆరేసి ఉన్నాయా, నిచ్చెన మెట్లు అరిగి ఉన్నాయా? అవేవీ లేకుండా గోడనిండా మెమెంటోలే ఉంటే, డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంటికి రండి.