ఉక్కు అందరిదీ, కర్ర ఒక్కరిది

ఇటలీలోని బ్రెష్యా ప్రాంతానికి తుపాకుల పని కొత్తది కాదు. వెనిస్ ఆయుధశాలకు 185 తుపాకీ గొట్టాలు చేసిచ్చి బెరెట్టా కుటుంబం సొమ్ము పుచ్చుకున్న కాగితం 1526 నాటిది. ఆ బ్రెష్యా పక్కనే ఉన్న బొట్టిచీనోలో 1957లో డానియెలే పెరాత్జి సొంత కార్ఖానా పెట్టాడు. ఏడేళ్లు తిరిగేసరికి, 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఎన్నియో మత్తారెల్లి ఆయన చేసిన తుపాకీతో 200 క్లేలకు 198 పగలగొట్టి ట్రాప్ స్వర్ణం గెలిచాడు. తర్వాతి ఒలింపిక్స్ మెక్సికోలో. ఆ 1968 పోటీలను దృష్టిలో పెట్టుకుని తీర్చిన తుపాకీయే ఎమ్‌ఎక్స్8. అర్ధశతాబ్దం దాటినా ఇప్పటికీ తయారవుతోంది. క్లే షూటింగ్‌కు షాట్‌గన్ ఎంచుకోవాలనుకునేవారు, కొన్నా కొనకపోయినా, ఒకసారి విప్పి చూడదగ్గ పనితనం ఇది.

ముందు ఆట సంగతి. క్లే అంటే సున్నపురాయి పొడిని పిచ్‌తో కలిపి అచ్చుపోసిన చిప్ప. అడ్డం 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. ఒలింపిక్ ట్రాప్‌లో షూటర్‌కు 15 మీటర్ల ముందు కందకం ఉంటుంది, అందులో 15 యంత్రాలు. ఒక్కో స్థానానికి మూడేసి. కేక వేయగానే మూడింట్లో ఏదో ఒకటి క్లేను విసురుతుంది. అది ఎడమకు పోతుందో, కుడికి పోతుందో, నేల బారున పోతుందో ముందుగా తెలియదు. వదిలేస్తే 76 మీటర్లు పోయి పడుతుంది. సెకను తిరిగేలోపు దాన్ని అందుకోవాలి. తూటాలో సీసపు రవ్వలు 24 గ్రాములు మించకూడదు. మొదటి దెబ్బ తప్పితే రెండోది కొట్టొచ్చు. అర్హత పోటీలో ఇలా 125 క్లేలు. మొదటి క్లేకు ఎలా పేలిందో నూట ఇరవై అయిదోదానికీ తుపాకీ అలాగే పేలాలి.

ఎమ్‌ఎక్స్8 గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. గొట్టాల జతను వాటి వెనక యంత్రాంగం ఉండే ఉక్కు పెట్టెకు కలిపే తీరులోనే మొదటి నేర్పు కనబడుతుంది. గొట్టాల అడుగున కొక్కేలు పెట్టి బిగించడం పాత పద్ధతి. అప్పుడు వాటికి చోటివ్వడానికి పెట్టె లోతుగా ఉండాల్సి వస్తుంది. ఇక్కడ అడుగున ఏమీ లేదు. గొట్టాలు తిరిగే ఇరుసు మొలలు పెట్టె పక్క గోడల్లో ఉన్నాయి. మూసినప్పుడు బిగించే పట్లు కింది గొట్టానికి చెరోపక్క కూర్చుంటాయి. దాంతో పెట్టె పల్చబడింది, గొట్టాలు చేతికి దగ్గరగా కిందికి దిగాయి. మొదటి దెబ్బ కింది గొట్టంతో కొడతారు. దాని తన్ను దాదాపు తిన్నగా భుజంలోకి వస్తుంది కాబట్టి మూతి పెద్దగా పైకి ఎగరదు, చూపు క్లే మీదే నిలుస్తుంది. రెండో దెబ్బకు ఆ నిలకడే పెట్టుబడి.

రెండో నేర్పు ట్రిగ్గర్‌ది. సేఫ్టీ బొత్తాన్ని మామూలు కన్నా ముందుకు నెడితే ట్రిగ్గర్ మొత్తం, సుత్తులూ పట్టీ స్ప్రింగులతో సహా, కిందనుంచి చేతిలోకి వచ్చేస్తుంది. పనిముట్టేదీ అక్కర్లేదు. పోటీ మధ్యలో స్ప్రింగ్ విరిగితే సంచిలోంచి రెండో ట్రిగ్గర్ తీసి తొడిగి మళ్లీ వరుసలో నిలబడొచ్చు. చేతిలో పెట్టుకుని చూస్తే, ఏ ముక్క దేన్ని నెడుతుందో కంటికి కనిపించేంత విశాలంగా అమర్చి ఉంటుంది. దాచడానికేమీ లేనివాడు చేసిన పని అది.

గొట్టాల్లో చూడాల్సింది చోక్, అంటే మూతి దగ్గరి బిగువు. మూతి దగ్గర లోపలి వ్యాసం ఇంచుమించు ఒక మిల్లీమీటరు తగ్గితే ఫుల్ చోక్. రవ్వలు ఎక్కువ దూరం గుంపుగా పోతాయి. ట్రాప్‌లో క్లే దూరమవుతూ పోతుంది కాబట్టి బిగువైన చోక్ కావాలి. రెండో దెబ్బ కొట్టే పై గొట్టానికి మరింత బిగువు. ట్రాప్ గొట్టాలు సాధారణంగా 76 సెంటీమీటర్లు. క్లే షూటింగ్‌లో మరో ఆటైన స్కీట్ కథ వేరు. అక్కడ క్లేలు దగ్గరలోనే అడ్డంగా దూసుకుపోతాయి, తుపాకీని నడుము దగ్గరనుంచి ఎత్తి కొట్టాలి. అందుకని చోక్ వదులుగా ఉండాలి, తుపాకీ చురుగ్గా తిరగాలి. ఏ ఆట ఆడతారో తేల్చుకోకుండా కొట్టుకు వెళ్లడం దండగ.

ఇంతవరకూ ఉక్కు పని. అసలు పని కర్రలో ఉంది.

షాట్‌గన్‌కు వెనక సైట్ ఉండదు. షూటర్ కన్నే వెనక సైట్. ఆ కన్ను ఎక్కడ ఉండాలో చెంప ఆనే కర్ర అంచు తేలుస్తుంది. కంటినుంచి మూతికి సుమారు ఒక మీటరు దూరం. చెంప దగ్గర కర్ర 3 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటే, 35 మీటర్ల దూరాన రవ్వల గుంపు సుమారు 10 సెంటీమీటర్లు పైకి పోతుంది. అంటే దాదాపు ఒక క్లే వెడల్పంత! అందుకే కర్ర పొడవు, చెంప దగ్గరా, భుజానికి ఆనే మడమ దగ్గరా దిగుడు, పక్కకు వంపు, అన్నీ దర్జీ కొలతలు తీసినట్టు తీసి మనిషికి తగ్గట్టు చెక్కుతారు. బొట్టిచీనో కార్ఖానాకు షూటర్లు స్వయంగా వెళ్లి కొలతలు ఇచ్చి చేయించుకోవడం మామూలే.

వాడేది అక్రోటు కర్ర. కొనేవాళ్ల కన్ను ముందుగా మడమ దగ్గర మెలికలు తిరిగిన నల్లటి చారల మీద పడుతుంది. పనివాడి కన్ను పిడి దగ్గర పడుతుంది. కర్ర అక్కడ అన్నిటికన్నా సన్నం, తన్ను వచ్చి తగిలేదీ అక్కడే. చారలు పిడి వెంట తిన్నగా సాగిపోతే కర్ర నిలుస్తుంది. అడ్డంగా కోసుకుపోతే ఎంత అందమైన ముక్కయినా ఏదో ఒకనాడు చీలుతుంది. అందం మడమలో, బలం పిడిలో ఉండేట్టు ఒకే చెక్కలోంచి కోయడం చూస్తే ఆ చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పెరాత్జి తుపాకీల ధరల్లో ఒక విశేషం ఉంది. చెక్కడపు పని పెరిగేకొద్దీ ధర ఎన్నో రెట్లవుతుంది. లోపలి యంత్రాంగం మాత్రం సాదాదానిలోనూ అదే. పగిలే క్లేకు పెట్టె మీది బొమ్మ తెలియదు. కాబట్టి డబ్బు ఆచితూచి పెట్టేవాళ్లు సాదా తుపాకీ తీసుకుని, మిగిలింది కర్ర అమరికకూ తూటాలకూ ఖర్చుపెట్టడం మేలు.

వాడినదాన్ని కొంటుంటే తెరిచే మీట చూడండి. మూసినప్పుడు అది నడిమధ్యకు కాస్త కుడివైపు నిలిస్తే పట్లలో ఇంకా జీవం ఉన్నట్టు. మధ్య దాటి ఎడమకు పోతే అరుగుదల మొదలైనట్టు. తర్వాత పెద్ద కాగితం ముందు నిలబడి, గురి సరిచేసుకోకుండా, భుజానికి ఎత్తిందే తడవుగా నాలుగైదు సార్లు కాల్చండి. ట్రాప్‌కయితే రవ్వల గుంపు చూసిన చోటుకు కాస్త పైన పడాలి, క్లే లేస్తూ పోతుంది కాబట్టి. స్కీట్‌కయితే చూసిన చోటే పడాలి. అలా పడకపోతే లోపం చాలాసార్లు కర్రలోనే దొరుకుతుంది.

మన దేశంలో 12 బోర్ షాట్‌గన్ కొనాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. అందుకే కొత్తవాళ్లు చాలామంది క్లబ్బు తుపాకీతో మొదలుపెడతారు. అది ఎవరి కొలతకూ చేసింది కాదు. తప్పిన ప్రతి క్లేకూ తమ కన్నునే తిట్టుకోకుండా, పొడవు చాలిందా, చెంప సరిగా ఆనిందా అని కోచ్‌కు చూపించుకోవాలి. మన హైదరాబాద్ షూటర్ కైనాన్ చెనాయ్ 2016 రియో ఒలింపిక్స్ ట్రాప్‌లో ఆడాడు, 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో జట్టు స్వర్ణంతోపాటు వ్యక్తిగత కాంస్యమూ తెచ్చాడు. ఆయన దారిలో నడవాలనుకునే పిల్లలు పేరున్న తుపాకీ కోసం అప్పుచేయడానికి ముందు తమ కొలతలు రాసి పెట్టుకోవాలి. ఆ కాగితం చేతిలో ఉంటే ఏ కార్ఖానా ఉక్కునైనా తమకు పనికొచ్చేట్టు చేసుకోవచ్చు.