ఇసుకగుంటలో లంకెబిందెలు

చిన్నపిల్లలకు పురావస్తుశాస్త్రం పరిచయం చేయడానికి పలు దేశాలలో వాడుకలో ఉన్న పద్ధతి ఒకటున్నది. గుంటలో ఇసుక నింపి, పూసలూ నాణేలూ బొమ్మలూ పాతిపెట్టి, పిల్లలకు తాపీలూ కుంచెలూ ఇచ్చి తవ్విస్తారు. పిల్లలు చేతులతో చేసి నేర్చుకోవడం మంచిదే. అందులో వివాదం లేదు. కాని ఈ ఆటవల్ల వారికి తెలిసేదేమిటి? మట్టిలో విలువైన వస్తువుంటుంది, తవ్వినవాడికి దక్కుతుంది అని. ఇది శాస్త్రం కాదు, లంకెబిందెల కథ. ఆ కథ చెప్పడానికి మన పల్లెల్లో బడి అక్కరలేదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈ లోపం మరీ ప్రమాదకరం. వంశధార దక్షిణపుటొడ్డున శాలిహుండం, రామతీర్థం దగ్గర గురుభక్తులకొండ, రెండూ బౌద్ధారామాల శిథిలాలే. శాలిహుండం తవ్వకాలలో అక్షరాలు గీసిన కుండపెంకులు కూడ దొరికినవి. అటువంటి పెంకు ఒకటి పిల్లవాడి జేబులోకి పోతే, అది ఎక్కడిదో చెప్పే సాక్ష్యం దానితోనే పోతుంది. రక్షితస్థలంలో అనుమతి లేని తవ్వకం 1958 నాటి కేంద్రచట్టం ప్రకారం నేరం కూడా.

పురావస్తుశాస్త్రంలో వస్తువుకంటె అది ఉన్న చోటు ముఖ్యం. పైపొర కొత్తది, అడుగుపొర పాతది (నడుమ ఎవరూ గొయ్యి తీసి పూడ్చకపోతే సుమా!). చోటు విలువ నేర్పడానికి తవ్వకమే అవసరం లేదు. బడి ఆవరణలో తాడుతో మూరెడు గళ్ళు కట్టండి. ఒక మూల బూడిదా, పగిలిన వంటకుండ పెంకులూ. మరొక మూల ప్రమిదలూ పరచండి. ఏ గడిలో ఏమున్నదో పిల్లలచేత ముందుగా బొమ్మ గీయించండి. ఎక్కడ వండేవారు, ఎక్కడ దీపం పెట్టేవారు అని అడిగితే ఇట్టే చెబుతారు. మరొక తరగతి పిల్లలను పిలిచి, ఆ బొమ్మ చూపకుండా, అన్నీ కుప్పపోసి అదే ప్రశ్న వేయండి, ఎవరూ చెప్పలేరు. కుండ మూతిపెంకు ఒక్కటున్నా, కాగితంమీద గీసిన వలయాలకు ఆనించి మూతి వెడల్పు తేల్చవచ్చు. అయిదో తరగతికి ఇంతకన్న రుచికరమైన లెక్క ఏమున్నది?

శాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిన గిడుగు వేంకట రామమూర్తిగారు బడిపంతులుగా పనిచేసినవారే. ముఖలింగం గుడిలోని శాసనాలను గురువు లేకుండా, అక్షరానికి అక్షరం పోల్చి చదవడం నేర్చుకున్నారు. పిల్లలకూ ఆ పోల్చిచూసే అలవాటే కావాలి. కొండమీదికి విహారయాత్ర ఈ పాఠాల తరువాతనే. అప్పుడు వారికి తాపీ బదులు కొలతటేపూ, పలకా ఇవ్వండి. పాత ఇటుక పొడవెంతో, తమ ఇంటి ఇటుక పొడవెంతో వారే రాసుకొని వస్తారు.