నూరు పూసల జపమాల
నయన్‌సింగ్ రావత్ నడకే ఒక కొలబద్ద. కుమావూ కొండల్లోని మిలంకు చెందిన ఈ బడిపంతులు, టిబెట్‌ను రహస్యంగా కొలిచేందుకు, ఎత్తెక్కినా పల్లం దిగినా అడుగు నిడివి మారకుండా నడవడం సాధన చేశాడు. నూరడుగులకో జపమాల పూస జరిపేవాడు. అందుకే ఆ జపమాలలో మామూలు 108కి బదులు నూరే పూసలు. మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు. లెక్కలు రాసిన కాగితాలు ప్రార్థనా చక్రంలో దాగేవి. గవ్వల్లో దాచిన పాదరసాన్ని గిన్నెలో పోసి, దాన్నే అద్దంగా చేసుకుని చుక్కల ఎత్తు కొలిచేవాడు. మరిగే నీళ్లలో థర్మామీటరు ముంచి కొండల ఎత్తు తేల్చేవాడు. చూసేవాళ్లకు మాత్రం దారిన పోయే యాత్రికుడే. 1866లో ఆయన టిబెట్‌లోని లాసా చేరి తీసిన కొలతలతోనే ఆ నగరం పటంలో తన చోట కుదురుకుంది. పరాయివాళ్లను రానివ్వని టిబెట్‌ను కాళ్లతో కొలిచిన ఆ ఓర్పుకు చేతులెత్తి మొక్కాలి.