పైపొర లెక్క

మాగ్నటైట్ నానో కణాలు తయారు చేయడం చూడ్డానికి తేలికే. ఫెర్రిక్, ఫెర్రస్ లవణాలను రెండుకి ఒకటి చొప్పున నీళ్లలో కరిగించి, గాలి సోకకుండా నైట్రోజన్ పంపుతూ అమ్మోనియా పోస్తే చాలు, ద్రావణం క్షణాల్లో నల్లబడుతుంది. అసలు పని మొదలయ్యేది అక్కణ్నుంచే అంటాను నేను.

5 నానోమీటర్ల కణంలో పైనున్న అర నానోమీటరు మందమే మొత్తం పదార్థంలో దాదాపు సగం. దాన్ని పండు తొక్కలా తీసి పక్కన పెట్టలేం. లోపలి ఇనుము చుట్టూ ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. అంచున ఉన్నదానికి కొంత కొరత. ఆ కొరతతో అంచు ఇనుము స్పిన్‌లు, అంటే దాని బుల్లి అయస్కాంతాలు, లోపలివాటితో వరస కలపకుండా పక్కకు ఒరుగుతాయి. గామా ఐరన్ ఆక్సైడ్ సూక్ష్మకణాల్లో ఈ ఒరుగుడును కోయీ అనే పరిశోధకుడు 1971లోనే బయటపెట్టాడు.

ఆ కొరత తీర్చడానికి మేము వాడేది ఒలీయిక్ ఆమ్లం. వేరుశనగ నూనెలో దండిగా ఉండేదే. దాని తలలోని ఆక్సిజన్లు ఇనుమును పట్టుకుంటాయి, పొడుగాటి తోక కణాలను ఒకదానికొకటి అంటుకోనివ్వదు. మాంగనీస్ ఫెరైట్ కణాలకు ఇలాంటి అణువులు తగిలిస్తే సంతృప్త అయస్కాంతత్వం పెరిగి, దిశ మార్చుకోవడానికి కణం చూపే మొండితనం తగ్గిందని వెస్టల్, ఝాంగ్ అనే పరిశోధకులు 2003లో చూపారు. కణం లోపల ఏమీ మార్చకుండానే! ఎన్నిసార్లు తలచుకున్నా నాకు ఇది ఆశ్చర్యమే.

ఇక కడగడం. ఇథనాల్ పోసి, గాజుబుడ్డి పక్కన అయస్కాంతం పెట్టి, తేరిన ద్రవం వంపేసి, అడుగున నిలిచినదాన్ని హెక్సేన్‌లో కలపాలి. అతిగా కడిగితే పట్టుకున్న ఆమ్లమూ ఊడిపోతుంది, కణాలు గుంపుకట్టి హెక్సేన్‌లో కలవనంటాయి. తక్కువ కడిగితే వదులుగా మిగిలిన ఆమ్లం బరువులో చేరుతుంది. ముద్దగా ఉన్న మాగ్నటైట్‌కు సంతృప్త అయస్కాంతత్వం గ్రాముకు సుమారు 92 ఈఎంయూ (అయస్కాంతత్వాన్ని కొలిచే ప్రమాణం). మన పొడికి 60 వచ్చిందనుకోండి, కణాలు బలహీనమని పెదవి విరుస్తాం. అందులో 20 శాతం ఆమ్లమే అయితే మాగ్నటైట్ వంతు 75. పైపొర చెడగొట్టిందెంత, ఉత్త బరువెంత అన్నది తేలకుండా పైపొర రసాయనం గురించి ఏం మాట్లాడినా గాల్లో మాటే.

అందుకే పొడిని వేడిచేస్తూ బరువు తగ్గుదలను కొలిచిన గీత పక్కన లేకపోతే ఎంత పెద్ద పత్రికలో అచ్చయిన అంకెనైనా నేను నమ్మను. ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకు ముందు ఆ తూకమే నేర్పుతాను. మాగ్నెటోమీటర్ దగ్గరికి ఆ తర్వాతే.